ఇల్లు అలకగానే పండుగ కాదు

వైమానిక పరిశోధనా కేంద్రానికి శంకుస్థాపన జరగగానే లక్ష్యం సిద్ధించినట్లు భావించడం పాలకులకు పరిపాటి. కావేరీ ఇంజన్ ఉదంతం ఈ భ్రమను తొలగించాలి. తేలికపాటి యుద్ధవిమానం కోసం 1989లో రూ. 383 కోట్ల అంచనాతో బెంగళూరులో చేపట్టిన ఈ పథకం 1996 నాటికే పూర్తి కావలసి ఉండింది. వ్యయం పలురెట్లు పెరిగినా కావలసిన శక్తి ఇంజన్‌కు సమకూరలేదు. 2008లో విమానం నుంచి దానిని విడదీశారు. ఈ జాప్యానికి కారణాలు అనేకం. అత్యంత ఎత్తులోని వాతావరణ పరిస్థితులను నేలపైనే కల్పించి ఇంజన్‌ను పరీక్షించే వసతి స్వదేశంలో లేకపోవడం వాటిలో ఒకటి. 2010లో సైతం ఆ పరీక్షలకు రష్యాను ఆశ్రయించవలసి వచ్చింది. లోపం ఎక్కడున్నదో తెలుసుకోవడానికే పరదేశం వెళ్ళవలసివస్తే పరిశోధన వేగం పుంజుకొనేదెలా? కొత్త కేంద్రాల నిర్మాణంలోనైనా తొలి నిధులు భవనాలకు కాక పరీక్షా వేదికలకు దక్కాలి. గడువు తప్పితే జవాబుదారీ ఎవరన్నది ముందుగానే తేలాలి.