గండి ఒకచోట, దెబ్బ మరోచోట

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్ పట్టాలు తప్పింది. కనీసం 114 మంది ప్రాణాలు పోయాయి. ఎగువన చెరువు కట్ట తెగి, ఆ ఉరవడికి రైల్వే వంతెన ఒకటి కొట్టుకుపోవడమే కారణం. చెరువు రాష్ట్రానిది, వంతెన కేంద్రానిది. రైల్వే ఇంజినీర్లు వంతెనను ఎంత నిశితంగా పరీక్షించినా, దాన్ని పడగొట్టగల కట్ట వారి చేతిలో లేదు. విపత్తులను మన మౌలిక వసతులు ఎంతవరకు తట్టుకోగలవో అంచనా వేసే తీరులో లోపం ఇక్కడే ఉంది. ఒక్కో కట్టడం బలాన్ని విడివిడిగా కొలుస్తున్నాం. ఒకటి పోతే దానితోపాటు ఇంకేం పోతాయో మాత్రం లెక్కకట్టడం లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గాలి నేలకూల్చింది కరెంటు స్తంభాలను, చెట్లను. నగరాన్ని రోజుల తరబడి సతమతం చేసింది మాత్రం ఆ తర్వాత మొదలైన వరస దెబ్బలు. కరెంటు లేక నీటి సరఫరా నిలిచింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి, పెట్రోలు బంకుల దగ్గర బారులు పెరిగాయి. లైన్లు బాగుచేసే సిబ్బందికి దారులు తెరుచుకోవాలి, ఫోన్లు పలకాలి, వాహనాలకు డీజిల్ దొరకాలి. తీరాచూస్తే ఫోన్లకూ బంకులకూ మళ్లీ ఆ కరెంటే కావాలి. కూలిన స్తంభాలను లెక్కపెడితే నష్టం ఎంతో తెలుస్తుంది గానీ, కోలుకోవడం ఎందుకు ఆలస్యమైందో తెలియదు. వరదల్లోనూ ఇదే తీరు. 2021 నవంబరు 19న పింఛా ప్రాజెక్టు నుంచి వచ్చిన వరద తోడై చెయ్యేరు నదిపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. దిగువన ఊళ్లతోపాటు నందలూరు–రాజంపేట మధ్య రైలుమార్గమూ దెబ్బతింది.

ప్రత్యామ్నాయాలు ఉన్నాయన్న ధీమా కూడా ఇలా విడివిడిగా లెక్కపెట్టడం వల్ల వచ్చిందే. హైదరాబాద్, విజయవాడల మధ్య రైలు ఆగితే రోడ్డు ఉందనుకుంటాం. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, అదే రోజు జాతీయ రహదారిపైనా రాకపోకలు నిలిచాయి. రెండింటినీ దెబ్బకొట్టింది ఒకే వాయుగుండం. ఒకే వానకు మునిగే రెండు దారులు పటంలోనే రెండు. వరదనాడు లెక్కలోకి వచ్చేది ఒక్కటే.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రతి శాఖకూ ప్రణాళిక ఉండాలి కదా, కొత్తగా ఇంకేం కావాలని అడగవచ్చు. చిక్కల్లా ఆ ‘ప్రతి శాఖకూ’ అన్నచోటే ఉంది. ఆసుపత్రి ప్రణాళిక జనరేటరుకు డీజిల్ వస్తుందని నమ్ముతుంది. డీజిల్ రావాలంటే రోడ్డు ఉండాలి, రోడ్డు ఉండాలంటే ఎగువ చెరువు కట్ట నిలవాలి. ఈ గొలుసు మొత్తం ఏ ఒక్క శాఖ దస్త్రంలోనూ కనిపించదు. అనూహ్యమైన వానలను ముందే ఎవరు లెక్కగట్టగలరన్నది రెండో అభ్యంతరం. వాన ఎంత పడుతుందో చెప్పలేకపోవచ్చు. ఫలానా సబ్‌స్టేషన్ మునిగితే ఏ నీటి పథకం ఆగుతుందో, అది ఎన్ని గంటలు తట్టుకోగలదో తెలుసుకోవడానికి మాత్రం వాతావరణ జోస్యం అక్కర్లేదు.

ఇక ఖర్చు. అన్నిటినీ పటిష్ఠం చేసేంత డబ్బు ఏ ప్రభుత్వం దగ్గరా లేదన్నది నిజమే. అందుకే ఈ లెక్క ముందు కావాలి. ఎక్కువ వసతులు ఏ కొద్ది కట్టడాల మీద ఆధారపడ్డాయో తేలితే డబ్బు ఎక్కడ పెట్టాలో తేలుతుంది. దీనికి నమూనా కూడా మన దగ్గరే ఉంది. రైలుమార్గానికి ముప్పు తేగల చెరువుల జాబితా పెట్టుకుని, రాష్ట్ర అధికారులతో కలిసి తనిఖీ చేసే పద్ధతి రైల్వేలో ఉంది. ఆ పద్ధతిని కరెంటుకు, తాగునీటికి, ఫోన్లకు, ఆసుపత్రులకు విస్తరించాలి. శాఖల వారీగా కాక నదీ పరీవాహకాల వారీగా చేయాలి. తెలంగాణలో పుట్టి ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణలో కలిసే మున్నేరుతో రెండు రాష్ట్రాలూ కలిసి మొదలుపెట్టవచ్చు. ఉమ్మడి జాబితాకు కావలసింది కాంక్రీటు కాదు, ఒక శాఖ తన బలహీనతను మరో శాఖ ముందు ఒప్పుకోవడం. ఇంతకాలం జరగనిది అదే.