మందు కొట్టకముందే రక్తపరీక్ష

పత్తి చేలో రోజంతా మందు కొట్టి వచ్చిన కూలీకి సాయంత్రానికి నోట్లో నీళ్లూరుతాయి, చూపు మసకబారుతుంది, కండరాలు అదురుతాయి. నరం కండరానికి పంపే రసాయన సంకేతాన్ని పని కాగానే తుడిచేయాల్సిన కోలినెస్టరేజ్ ఎంజైము పనిచేయడం మానేసిందన్నమాట. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు దానికి అతుక్కుపోయి కదలనివ్వవు. 2013 జులైలో బీహార్‌లోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లల్ని పొట్టన పెట్టుకున్నది మోనోక్రోటోఫాసే.

మందు ఒకటే అయినా అన్ని జీవుల రక్తం ఒకేలా తట్టుకోదు. ఎలుక ప్లాస్మాలో కార్బాక్సిలెస్టరేజ్ అనే మరో ఎంజైము ఉంది. అది విషాన్ని ముందే తనకు అంటించుకుని కోలినెస్టరేజ్‌ను కొంత కాపాడుతుంది. మనిషి ప్లాస్మాలో ఆ కాపలా లేదు. కుందేలు సీరంలో పారాక్సొనేజ్ దండిగా ఉండి, పారాథియాన్ ఒంట్లో మారిన విషరూపాన్ని విరిచేస్తుంది. దానికి మాత్రం కాల్షియం తప్పనిసరి. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసిన ఊదా మూత గొట్టంలో తీస్తే, ఈడీటీఏ ఆ కాల్షియాన్ని లాగేసుకుంటుంది. కుందేలు నిక్షేపంగా ఉన్నా రిపోర్టులో పారాక్సొనేజ్ అంకె పడిపోతుంది.

ఆవులు, గొర్రెల ప్లాస్మాలో కోలినెస్టరేజ్ సహజంగానే చాలా తక్కువ. వాటికి ఎర్రకణాల్లోనే చూడాలి.

ఎలుక తట్టుకున్న మోతాదును చూపి కూలీకి ధైర్యం చెప్పడం అందుకే అన్యాయం. మనుషుల్లోనూ ఒకరికొకరికి కోలినెస్టరేజ్ స్థాయిలో పెద్ద తేడా ఉంటుంది. దాన్ని కొలవడానికి 1961లో వచ్చిన ఎల్‌మన్ పరీక్షలో, రక్తానికి రసాయనాలు కలపగానే పసుపు రంగు తేలుతుంది. ఎంజైము చురుగ్గా ఉంటే పసుపు త్వరగా చిక్కబడుతుంది, మందు తగిలి ఉంటే నిదానిస్తుంది. వేడి, పీహెచ్ మారినా ఆ వేగం మారుతుంది. కాబట్టి ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో, ఆ మనిషి సొంత పాత అంకెతోనే పోల్చాలి.

కాలిఫోర్నియాలో 1974 నుంచే ఇలా రక్తపరీక్షలతో కార్మికులపై నిఘా ఉంది. ఎర్రకణాల ఎంజైము తన తొలి స్థాయిలో 70 శాతానికి పడిపోతే కార్మికుణ్ని మందుకు దూరంగా ఉంచుతారు. గుంటూరు, వరంగల్ పత్తి చేలలో మందు కొట్టే చేతులకూ ఆ రక్షణ దక్కాలి. ఖరీఫ్‌లో తొలి మందు కొట్టకముందే ప్రతి కూలీ రక్తనమూనా పీహెచ్‌సీలో ఉచితంగా తీయాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఈ పని వచ్చే సీజనుకే మొదలుపెట్టాలి.