ఎవరికి భయపడి సర్దుతున్నాం ఈ డబ్బా?

మా అమ్మాయి రెండో క్లాసులో ఉన్నప్పుడు ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి స్కూల్ నర్సు ఫోన్ చేసింది. పిల్లకి కళ్ళు తిరిగాయనీ, పడుకోబెట్టామనీ, కంగారు పడొద్దనీ చెప్పి, పొద్దున్నుంచీ ఏమైనా తిందా అని అడిగింది. "తినకేమండీ, పాలు తాగి వెళ్ళింది, పది గంటల స్నాక్‌కి డబ్బా కూడా పెట్టానే" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, డబ్బా ఖాళీగానే ఉంది గానీ అందులోది పిల్ల కడుపులోకి పోలేదనీ, చెత్తబుట్టలో పోస్తుంటే ఇవాళే టీచరు చూసిందనీ చెప్పింది.

ఆ డబ్బాలో ఉన్నవి శనగ గుగ్గిళ్ళు. రాత్రి నానబెట్టి, పొద్దున ఐదున్నరకి లేచి కుక్కర్లో ఉడికించి, ఆవాలూ ఎండుమిర్చీ ఇంగువా వేసి పోపు పెట్టినవి. మూడు నెలలుగా డబ్బా ఖాళీగా ఇంటికొస్తుంటే "నీ మనవరాలు బంగారం, అన్నీ తినేస్తుంది" అని మా అమ్మకి ఫోన్లో గొప్పలు చెప్పుకున్నాను. ఆ రోజు రాత్రి అడిగితే మూడు నెలలూ పారబోశానని అదే ఒప్పుకుంది.

ఈ వ్యాసం ఆ గుగ్గిళ్ళ గురించి. "హెల్దీ స్నాక్" అనే మాట చాటున మనం, అంటే అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్ళం, ఏం చేస్తున్నామో దాని గురించి. చదివాక కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి. నాకు నా మీదే వచ్చింది ముందు.

ఆ వారం నేను చేసిన పని మీలో చాలామంది చేసే ఉంటారు. తిన్నగా గ్రోసరీ స్టోర్‌కి వెళ్ళి కార్ట్ నింపేశాను. ఓట్స్ గ్రనోలా బార్లు, "నిజమైన పండ్లతో చేసినవి" అని రాసిన ఫ్రూట్ స్నాక్స్, గొట్టాల్లో తియ్యటి పెరుగు, జ్యూస్ పెట్టెలు. అన్నిటి మీదా ఆకుపచ్చ ఆకుల బొమ్మలే. ఈసారి అమ్మాయి డబ్బా నిజంగానే ఖాళీ చేసింది. నేను ఆరున్నర దాకా పడుకున్నాను. అందరం సుఖంగా ఉన్నాం.

నెల తర్వాత ఓ ఆదివారం ఎందుకో పెట్టె వెనక్కి తిప్పి చదివాను. 2016లో ఎఫ్‌డీఏ తెచ్చిన నిబంధన వల్ల, కలిపిన చక్కెర ఎంతో ఇప్పుడు లేబుల్ మీద విడిగా ఒక లైను ఉంటుంది. పెద్ద కంపెనీలకి 2020 నుంచీ, చిన్నవాటికి 2021 నుంచీ అది తప్పనిసరి. నేను కొన్న బార్లో 8 గ్రాములు. ఫ్రూట్ స్నాక్స్‌లో 9. గొట్టం పెరుగులో 5. మొత్తం 22. నాలుగు గ్రాములంటే ఇంచుమించు ఒక టీస్పూను. అంటే పిల్ల డబ్బాలో నేను రోజూ ఐదున్నర స్పూన్ల పంచదార పోసి పంపుతున్నానన్నమాట! రెండేళ్ళు దాటిన పిల్లలకి రోజు మొత్తానికి 25 గ్రాముల లోపే ఉండాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పింది. మా అమ్మాయికి ఆ లెక్క పొద్దున పదింటికే దాదాపు నిండిపోతోంది.

జ్యూస్‌లో కలిపిన చక్కెర లేదు, నిజమే. పండులో ఉండే పీచు కూడా లేదు. నూటికి నూరుపాళ్ళు పండ్లరసమైనా ఏడేళ్ళు దాటిన పిల్లలకి రోజుకి 8 ఔన్సులు మించొద్దని, అంతకన్నా చిన్నపిల్లలకి ఇంకా తగ్గించమని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2017లో చెప్పింది.

ఇప్పుడు నేను తీసేసిన గుగ్గిళ్ళు దీని పక్కన పెట్టి చూడండి. అరకప్పు ఉడికిన శనగల్లో సుమారు 7 గ్రాముల ప్రొటీను, 6 గ్రాముల పీచు. కలిపిన చక్కెర సున్నా. మరి అది మాని ఇది ఎందుకు పెట్టాను? ఆరోగ్యం కోసమా? కాదు. బార్‌ని చూసి ఎవరూ ముక్కు మూసుకోరు కాబట్టి. మన ఇళ్ళలో "హెల్దీ" అనే మాటకి ఇప్పుడున్న అర్థం ఇదే. చూడ్డానికి ఇండియన్ తిండిలా ఉండకూడదు, అంతే.

నమ్మరా? అవే శనగలు మెత్తగా రుబ్బి, హమ్మస్ అని చిన్న డబ్బీలో పెట్టి అమ్మితే క్యారెట్ ముక్కలతో సహా ధైర్యంగా పంపుతాం. మన చిరుధాన్యాలనే "ఏన్షియంట్ గ్రెయిన్స్" అని ప్యాకెట్ మీద అచ్చేస్తే రెట్టింపు ధర పెట్టి కొంటాం. హమ్మస్‌లో తప్పేమీ లేదు, మంచి తిండి. తప్పల్లా మనం తిండిని చూసి కాకుండా దాని మీద రాసిన పేరుని చూసి ధైర్యం తెచ్చుకోవడంలో ఉంది.

ఇక రెండో పక్షం సంగతి. "మన పెద్దవాళ్ళు తెలివైనవాళ్ళండీ, మన తిండంతా సైన్సే" అనే పెద్దమనిషి ప్రతి ఊరి ఉగాది పాట్‌లక్‌లోనూ ఒకరు ఉంటారు. ఆయన ప్లేటులో అప్పటికి మూడో బొబ్బట్టు నడుస్తుంటుంది. ఆయనతోనూ నాకు పేచీయే. నూనెలో వేయించి ఉప్పు దట్టించిన జంతికలూ, చేగోడీలూ, ఇండియన్ స్టోర్ మిక్చరూ తెలుగు పేరున్నంత మాత్రాన ఆరోగ్యం అయిపోవు. బెల్లం కూడా చక్కెరే. సున్నుండలో మినుములు మంచివే, కానీ అందులో బెల్లం తక్కువేం కాదు. పండక్కి తినాల్సింది రోజూ డబ్బాలో పెట్టక్కర్లేదు. పైగా ఆ పెద్దమనిషి జన్మలో ఒక్క డబ్బా సర్దినవాడు కాదు. పిల్లలకి మన తిండి అలవాటు చేయాలన్న ఉపన్యాసం ఆయనది, ఐదున్నరకి లేచి కుక్కర్ పెట్టే పని ఆవిడది.

"మా వేరుశనగ ఉండలు క్లాసులోకి రానివ్వరు, ఇది వివక్ష" అని వాదించేవాళ్ళనీ చూశాను. కాదండీ. వేరుశనగ పడితే ఊపిరాడని పిల్లవాడు మా అమ్మాయి క్లాసులోనే ఉన్నాడు. ఆ నియమం వాడి ప్రాణం కోసం. 2023 జనవరి నుంచి ఇక్కడ లేబుల్ మీద తప్పక చూపాల్సిన ముఖ్యమైన ఎలర్జీ పదార్థాల్లో నువ్వులు కూడా చేరాయి. కాబట్టి నువ్వుండ పెట్టేముందు టీచర్ని ఒక మాట అడగాలి. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనంలో వేరుశనగ చిక్కీ చేర్చారు. అక్కడ బక్కచిక్కిన పిల్లకి బలమిచ్చేది ఇక్కడ పక్క పిల్లాడికి ప్రమాదం కావచ్చు. ఇందులో అవమానం ఏమీ లేదు.

మరి అవమానం ఎక్కడుంది? అది నాకు మా అమ్మాయి చెప్పింది. "స్కూల్లో ఎవరైనా ఏమైనా అన్నారా?" అని బతిమాలి అడిగితే, ఒక అమ్మాయి ఒక్కసారి "ఇదేం వాసన" అందట. "ఒక్కసారి అన్నందుకు మూడు నెలలు పారబోశావా తల్లీ? నాకు చెప్పొచ్చుగా" అన్నాను. అది నా మొహంలోకి చూసి, "నువ్వూ కార్లో తింటావు కదమ్మా" అంది.

నిజమే. ఎనిమిదేళ్ళ క్రితం ఆఫీసు మైక్రోవేవ్‌లో గోంగూర పప్పు వేడి చేస్తుంటే ఎవరో కిటికీ తెరిచారు. ఒక్క మాట కూడా అనలేదు, కిటికీ తెరిచారు అంతే. ఆ మర్నాటి నుంచి నా భోజనం పార్కింగ్ లాట్‌లో, డాలస్ ఎండలో, ఏసీ వేసుకుని కారులో. పిల్లల్ని ఆఫీసుకి తీసుకెళ్ళే రోజున మా అమ్మాయిని కూడా కారులోనే కూర్చోబెట్టి తినిపించాను. పిక్నిక్ అనుకుని సరదా పడిందనుకున్నాను. అది అంతా గమనించింది. నేను నేర్పిన పాఠాన్నే చెత్తబుట్ట దగ్గర నిలబడి అప్పజెప్పింది.

ఇది అమెరికా గొడవ, మాకెందుకు అని అక్కడున్న మీరు పేజీ తిప్పకండి. విజయవాడలో మా చెల్లెలు కొడుకు డబ్బాలో క్రీమ్ బిస్కెట్లూ, నూడుల్సూ పెడుతుంది. ఎందుకే అంటే, "గుగ్గిళ్ళు పెడితే పల్లెటూరి మొహం అంటారక్కా వాళ్ళ స్కూల్లో" అంటుంది. వాళ్ళింట్లో పనిచేసే ఆవిడ కూతురు చదివేది ప్రభుత్వ బడి. 2023లో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లోనూ రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది. వేలకి వేలు ఫీజు కట్టే ఇంటి పిల్లాడి డబ్బా కంటే ఆ పిల్ల తాగే గ్లాసే నయం కాదా? అక్కడ పల్లెటూరు అంటారని భయం, ఇక్కడ ఇండియా అంటారని భయం. భయం ఒక్కటే, ఊళ్ళే వేరు.

అలాగని పిల్లనే తప్పుపట్టి, అవే గుగ్గిళ్ళు అలాగే పెట్టి "తినాల్సిందే" అనడం నా ఉద్దేశం కాదు. దాని స్నాక్ టైమ్ పది నిమిషాలు. వేడి చేసుకునే వీలుండదు. చేత్తో తినాలి, మూత తనే తీసుకోగలగాలి. అందుకని గుగ్గిళ్ళలో ఇంగువా ఎండుమిర్చీ మానేసి ఉప్పూ నిమ్మరసం వేస్తున్నాను. "ఇది మాత్రం లొంగిపోవడం కాదుటే?" అని అమ్మ దెప్పింది. కాదు. పది నిమిషాల్లో పిల్ల మిరపకాయలు ఏరుకుంటూ కూర్చోలేదు. ఒకరోజు రాగి దోసె చుట్టి ముక్కలు కోసి పెడతాను, ఒకరోజు చిన్న పెసరట్లు, ఒకరోజు ఉడికించిన చిలగడదుంప. గుడ్డో, పెరుగో పెట్టినరోజు పక్కన ఐస్ ప్యాక్ తప్పదు. అలాంటివి బయట రెండు గంటలు మించి ఉండకూడదు, 90 డిగ్రీల ఎండలో అయితే గంటే. కీరా ముక్కలో, జామపండో ఎప్పుడూ తోడు. శుక్రవారం అది అడిగింది పెడతాను, బార్ అయినా సరే.

ఇవన్నీ చేసే ముందు ఇంకో పని చేశాను. నా డబ్బా తీసుకుని ఆఫీసు కెఫెటేరియాలో అందరి మధ్యా కూర్చున్నాను. మొదటిరోజు ఎవరూ ఏమీ అనలేదు. రెండోరోజు ఒకాయన అదేమిటని అడిగాడు. గోంగూర అన్నాను. సాయంత్రం అమ్మాయికి చెబితే, "ముక్కు మూసుకున్నాడా?" అంది. "లేదు, మొహం కొంచెం అదోలా పెట్టాడు." "అప్పుడు నువ్వేం చేశావు?" "తిన్నాను."

రేపు పిల్లల డబ్బా సర్దేముందు మీ డబ్బా మీరు ఎక్కడ కూర్చుని తింటున్నారో ఒక్కసారి ఆలోచించండి. లేబుళ్ళు చదవడం ఆ తర్వాత నేర్చుకోవచ్చు, అదేమంత కష్టం కాదు.

మా ఇంట్లో ఇప్పుడు డబ్బా ఖాళీగా రావడం లేదు. చాలా రోజులు సగం గుగ్గిళ్ళతోనే వస్తోంది, టైమ్ చాల్లేదట. మిగిలినవి కారులో ఇంటికొస్తూ తింటుంది. మూడు నెలల ఆ ఖాళీ డబ్బా కంటే నాకు ఈ సగం డబ్బా మీదే నమ్మకం.