బీరువాలో బొమ్మ

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. నాన్న పడక్కుర్చీలో నడుం వాల్చి, 'ఒరేయ్, పోయిన సంక్రాంతికి చూశామే... ఆ పాత సినిమా పెట్టరా!' అన్నారు. రిమోట్ ఇంటిల్లిపాది చేతులూ మారింది. పేరు తెలుగులో కొట్టి చూశాం, ఇంగ్లిషులో కొట్టి చూశాం. ఊహూఁ... లేదు. నెలనెలా చందా ఠంచనుగా కడుతూనే ఉన్నాం. సినిమా మాత్రం చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది!

'అటకమీద అట్టపెట్టెలో సీడీలున్నాయి కదా' అంది అమ్మ. దించాం, దుమ్ము దులిపాం. సినిమా దొరికింది. మరి ప్లేయరేదీ? పోయిన దసరాకి ఇల్లు సర్దుతూ పాత సామాన్లవాడికి ఇచ్చేశాం.

మీ ఇంట్లోనూ ఇలాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది. వేలు కదిపితే వేల సినిమాలు వచ్చి వాలుతున్న రోజుల్లో ఇంకా డిస్కులెందుకు అని నేనూ అనుకునేవాణ్నే. ఆ మధ్యాహ్నం తర్వాత అనుకోవడం మానేశాను.

ఒకప్పటి సంబరం గుర్తుందా? ఒక వీసీడీలో పట్టేది గంటా పావు సినిమానే. మన సినిమా పూర్తవ్వాలంటే రెండు డిస్కులో, మూడో కావాలి. సరిగ్గా ఫైటు మధ్యలో ఒకటి అయిపోయేది! తర్వాత డీవీడీ వచ్చి సినిమా మొత్తాన్నీ ఒక్క పళ్లెంలో వడ్డించింది. 2007 ప్రాంతంలో మోజర్‌బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకీ, డీవీడీని 34 రూపాయలకీ అమ్మడంతో అద్దెకు తెచ్చుకునే సినిమా సొంతానికి కొనుక్కునే సినిమా అయింది. ఇప్పుడు మళ్లీ అద్దెకే వచ్చాం. అప్పుడు అద్దెకిచ్చింది వీధి చివరి సీడీల షాపు, ఇప్పుడు ఓటీటీ. అంతే తేడా!

ఓటీటీలకు పెద్దన్నలాంటి నెట్‌ఫ్లిక్స్ పుట్టింది కూడా డిస్కుతోనే. 1998లో పోస్టులో డీవీడీలు అద్దెకు పంపుతూ మొదలైంది. 2007లో నెట్ ద్వారా సినిమాలు చూపించడం ఆరంభించింది. 2023 సెప్టెంబరు 29న ఆఖరి డిస్కును పోస్టు చేసి ఆ వ్యాపారానికి స్వస్తి చెప్పింది.

ఇంతకీ మా సినిమా ఎందుకు మాయమైంది? ఓటీటీలో కనిపించే సినిమాల్లో చాలావాటికి ఆ సంస్థ యజమాని కాదు. నిర్మాతకో, హక్కులున్నవారికో డబ్బిచ్చి కొంతకాలానికి తెచ్చుకుంటుంది. గడువు తీరితే సినిమా మూటాముల్లె సర్దుకుంటుంది. ఒక్కోసారి భాష కూడా మారిపోతుంది. 2022 మేలో 'ఆర్‌ఆర్‌ఆర్' ఓటీటీకి వచ్చినప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టింది హిందీ అనువాదాన్ని. తెలుగు కావాలంటే జీ5కి వెళ్లాల్సి వచ్చింది. దాంతో అమెరికాలో ఎంతోమంది మన రామరాజునీ భీమ్‌నీ హిందీలోనే విన్నారు!

'నేను అద్దెకు కాదు, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో కొనుక్కున్నాను' అంటారా? అక్కడా మెలిక ఉంది. మీరు కొన్నది సినిమాని కాదు, చూసేందుకు అనుమతిని. ఈ సంగతి కొనేవాళ్లకు ముందే స్పష్టంగా చెప్పాలంటూ 2024లో కాలిఫోర్నియా ఏకంగా చట్టమే చేసింది. 2025 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. అదే మీ బీరువాలో ఉన్న డిస్కుకైతే గడువు లేదు, పాస్‌వర్డ్ లేదు. చెల్లెలికి ఇవ్వొచ్చు, పక్కింటివారికి చూడమని ఇవ్వొచ్చు.

బొమ్మ నాణ్యత మరో సంగతి. 4కే సినిమాకు సెకనుకు 15 మెగాబిట్ల నెట్ వేగం ఉంటే చాలంటుంది నెట్‌ఫ్లిక్స్. 4కే బ్లూరే డిస్కు నుంచైతే సెకనుకు వంద మెగాబిట్లకు పైగా కూడా రాగలదు. బిందెడు నీళ్లను చెంబులోకి పట్టించాలంటే కొంత ఒలకబోయక తప్పదుగా! చీకటి సన్నివేశాల్లో నలుపు మరకలు మరకలుగా కనిపించేది అందుకే.

అసలు భయం ఇంకోటుంది. మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' 1931లో వచ్చింది. ఈరోజు చూద్దామంటే దాని ప్రింటు ఎక్కడా లేదు. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి', దాని తర్వాతి రెండు భాగాల మూల నెగటివ్‌లు 1993లో లండన్‌లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలిన ముక్కల్నీ వేరేచోట్ల దొరికిన కాపీల్నీ చేర్చి ఏళ్లతరబడి శ్రమించి బాగుచేశారు. 2015లో క్రైటీరియన్ సంస్థ వాటిని డిస్కులుగా తెచ్చింది. ఒకేచోట దాచిన సినిమా ఒక్క ప్రమాదంతో పోతుంది. పది ఇళ్లలో ఉన్నది అంత తేలిగ్గా పోదు.

అలాగని ప్రతి సినిమానీ కొనమనడం లేదు. ఒకసారి చూసి మరిచిపోయేవాటికి ఓటీటీయే మేలు. పిల్లలకీ, వాళ్ల పిల్లలకీ చూపించాలనుకునే పదో పదిహేనో ఉంటాయి చూశారూ, అవి ఇంట్లో ఉండాలి. కొత్త తెలుగు సినిమాల డిస్కులు దుకాణాల్లో కనిపించడమే అరుదైపోయింది కాబట్టి అటకమీద ఉన్నవాటినైనా కాపాడుకోవాలి.

డిస్కు కూడా చిరంజీవేం కాదు. ఎండ, వేడి, తేమ తగలనీయకండి. పుస్తకాల్లా నిలువుగా పెట్టండి. తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పొద్దు. మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకు తిన్నగా తుడవండి. బాల్‌పెన్నుతో పైన పేర్లు రాయకండి. విదేశాల నుంచి తెప్పించుకుంటే రీజియన్ నంబరు చూసుకోండి. డీవీడీల్లో మనది 5, అమెరికాది 1. అన్నిటికంటే ముఖ్యం... పనిచేస్తున్న ప్లేయర్‌ని పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి!

ఇంతకీ ఆ ఆదివారం ఏమైందంటారా? మావాడి పాత కంప్యూటర్‌కి సీడీ డ్రైవ్ ఉందని గుర్తొచ్చింది. దాని చుట్టూ కుర్చీలు వేసుకున్నాం. రెండో డిస్కు కోసం నేను లేవగానే నాన్న హుషారుగా అన్నారు... 'ఇంటర్వెల్! టీ పెట్టండర్రా!'