లింకు బాగానే ఉంది, దారే తప్పింది

రౌటర్‌కు అలర్ట్ పెట్టమంటే మనవాళ్లు చేసే మొదటి పని, చాలాచోట్ల ఆఖరి పని కూడా, లింకు పడిపోతే మెసేజ్ వచ్చేలా చూసుకోవడమే. 2008 ఫిబ్రవరి 24న యూట్యూబ్ దాదాపు రెండు గంటలపాటు ప్రపంచంలో చాలామందికి అందకుండా పోయినప్పుడు ఏ లింకూ పడిపోలేదు. ఆ సైటును తమ దేశంలో ఆపడానికి పాకిస్తాన్ టెలికాం పెట్టుకున్న రూటు, నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు చెప్పుకునే బీజీపీ ద్వారా బయటికి పొక్కింది. యూట్యూబ్ ప్రకటించింది /22 ఐపీ అడ్రసుల బ్లాకు. పొక్కిన రూటు అందులోని ఓ చిన్న ముక్క, /24. రౌటర్లు ఎప్పుడూ చిన్న బ్లాకువైపే మొగ్గుతాయి కాబట్టి ట్రాఫిక్ అటు మళ్లింది. రౌటర్ల మధ్య బీజీపీ సెషన్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి! అందుకే పొరుగు రౌటర్ నుంచి వచ్చే రూట్ల సంఖ్య హఠాత్తుగా పెరిగినా తగ్గినా అలర్ట్ రావాలి. మన ప్రిఫిక్స్‌ను, అంటే మన అడ్రసుల బ్లాకును, ఇంకో ఏఎస్ నంబరున్న నెట్‌వర్క్ ప్రకటించినా రావాలి. ఈ రెండోది మన రౌటర్‌లో చూస్తే సాధారణంగా కనబడదు, రైప్ లాంటి సంస్థలు నడిపే రూట్ కలెక్టర్ల డేటాలో వెతకాలి. అలాగని సెషన్ ఒక్కసారి పడిలేచినందుకే అర్ధరాత్రి ఫోన్ మోగించారా, అది నాన్నా పులి కథే. పది నిమిషాల్లో పదేపదే పడిలేస్తేనే లేపండి. లింకు అలర్ట్ ఒక్కటే పెట్టుకుని నెట్‌వర్క్‌ను కనిపెట్టి చూస్తున్నామనడం ఆత్మవంచన.