ఇంట గెలిచిన ఇంజను

పశ్చిమ ప్రకాశంలోని కుటుంబాలకు మోటారు సైకిలు అలంకారం కాదు. మార్కాపురం నుండి దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కాలన్నా, గిద్దలూరు నుండి దిగువమెట్ట దాటి నల్లమల కనుమలో నంద్యాల వెళ్లాలన్నా, వెనుక భార్యాబిడ్డలను కూర్చోబెట్టుకొని దాని మీదే భారం వేస్తాము. పొద్దు వాలిన తరువాత కనుమలో ఇంజను పట్టేస్తే ఆదుకొనేవారు అరుదు.

అందుకే బోరు చేయించి, క్రాంకు వరకు విప్పి కూర్చిన ఇంజనును వెంటనే ఛాసీస్‌లో బిగించవద్దని మేము చెబుతున్నాము. ముందు బయటనే ఒకసారి పలికించి చూడండి. ప్యాకింగ్ వద్ద ఆయిల్ కారినా, లోపల శబ్దం వచ్చినా అప్పుడే తెలుస్తుంది. దించి ఎక్కించే రెండవ కూలి మిగులుతుంది.

ఇంజనును చేతులతో అదిమి పట్టుకొని కిక్కు కొట్టడం ప్రమాదం. యాంగ్లరు స్టాండుకు దాని బోల్టు రంధ్రాల ద్వారానే గట్టిగా బిగించాలి. పాత బుల్లెట్‌కు ఇంజను వేరు, గేరుబాక్సు వేరు. కిక్కు రాడ్డు గేరుబాక్సుకే ఉంటుంది గనుక రెండింటినీ కలిపి బిగించాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి.

ఫోర్‌స్ట్రోక్ అయితే ఆయిల్ పోసి, ప్లగ్గు తీసి, కరెంటు ఇవ్వకుండా పది ఇరవై కిక్కులు కొట్టండి. ఆయిల్ పైకి చేరుతుంది. రాజ్‌దూత్ వంటి టూస్ట్రోక్ అయితే సీసాలో పోసేది ఆయిల్ కలిపిన పెట్రోలే కావాలి. ఉత్త పెట్రోలు పోస్తే కొత్త పిస్టనే పట్టేస్తుంది. సీసాను కార్బొరేటరు కంటే ఎత్తున, సైలెన్సరు బెండుకు దూరంగా కట్టాలి.

చాలామంది తడబడేది ఎర్త్ దగ్గర. బండిలో ఎర్త్ ఛాసీస్ ద్వారా అందుతుంది. బయట ఆ దారి ఉండదు. కాయిల్ ఎర్త్‌ను, బ్యాటరీ ఉంటే దాని ఎర్త్‌ను ఇంజను ఒంటికే కలపాలి. ఇది మరచి, నిప్పురవ్వ రాలేదని మంచి ఇంజనును మళ్లీ విప్పితే డబ్బూ పోతుంది, మెకానిక్కు మీద నమ్మకమూ పోతుంది. ఆపే స్విచ్చు చేతికి అందేలా ముందే అమర్చుకోండి.

ఈ పని ఆరుబయటే చేయాలి. మూసిన గదిలో పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. పక్కన బకెట్టు ఇసుక ఉంచండి. పిల్లలను, చీర కొంగులను పళ్లచక్రానికి దూరంగా ఉంచండి. బండి కదలదు గనుక గాలి తగలదు. ఇంజను త్వరగా కాగిపోతుంది. ఎదురుగా ఫ్యాను పెట్టినా ఒకటి రెండు నిమిషాలు, అదీ మెల్లగా నడిపితే చాలు. మొదట కొంత పొగ సహజమే. బిగించేటప్పుడు పూసిన ఆయిల్ కాలిపోగానే తగ్గాలి.

ఇంతటితో పరీక్ష ముగిసిందనుకోవద్దు. బరువు మోస్తే క్లచ్చు, గేర్లు ఎలా ఉంటాయో స్టాండు చెప్పదు. కొన్నాళ్లు ఊరి దారుల్లో నిదానంగా నడిపి, తరువాతే కనుమ ఎక్కండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న పెద్దల మాట ఇంజనుకూ వర్తిస్తుంది.