ఆదివారం ఉదయం అరగంట

విద్యార్థి వ్రాసిన పద్యంలో ఒక్క లఘువు తప్పినా ఎర్రసిరాతో సున్న చుట్టే మనిషిని నేను. అలాంటి నాకు, మా వరండాలోని సైకిలు బ్రేకు రబ్బర్లు అరిగిపోయిన సంగతి ఎన్నాళ్ళకీ కంటబడలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెబుతాను. మీ ఇంట్లోనూ ఒక సైకిలు ఉండే ఉంటుంది.

మాది విశాఖపట్నం. ఇక్కడ చాలా రోడ్లకు ఎక్కడమూ దిగడమూ తప్పవు. పోయిన వానాకాలంలో పదో తరగతి చదివే మా అమ్మాయి ట్యూషనుకు వెళుతూ పల్లంలో బ్రేకు నొక్కింది. బండి ఆగలేదు. ఎవరో ఇల్లు కట్టుకోవడానికి రోడ్డుప్రక్క పోయించిన ఇసుకకుప్ప మీదికి తిప్పి పడింది కనుక మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది. ఆ పల్లం చివర ఉన్నది బస్సులు తిరిగే కూడలి.

"బ్రేకు సరిగా పడటం లేదని పోయిన నెలలోనే చెప్పాను గదా నాన్నగారూ" అంది, మందు వ్రాయించుకుంటూ. మా ఆవిడ ఏమీ అనలేదు. నాలుగు మాటలు అన్నా బాగుండేది.

సైకిలు నడిపించుకుంటూ వీధి చివర రిపేర్లు చేసే పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. ఆయన చక్రం తిప్పి చూసి, "రబ్బరేదండీ మాస్టారూ? ఇనుము మిగిలిందంతే" అన్నాడు. క్రొత్తవి బిగిస్తూ, "విరిగాక నా దగ్గరకు వస్తారు. విరక్కముందు చూసుకోవలసింది ఇంట్లోవాళ్ళేనండి" అన్నాడు. ఆ పూట ఆయన చెప్పినదే ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం అరగంట పని.

మొదట బ్రేకులు. రబ్బరు మీది గాళ్ళు కనబడకుండా పోతే మార్చవలసిందే. పిడి నొక్కితే అది హ్యాండిలుకు తగలకముందే చక్రం బిగియాలి. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకు తోయండి, వెనుక బ్రేకు పట్టి మళ్ళీ తోయండి. ఆ చక్రం తిరిగిందంటే ఆ రోజు సైకిలు బయటకు తీయవద్దు. చక్రం అంచుమీద నూనె చుక్క పడినా బ్రేకు జారుతుంది.

రెండోది గాలి. ఎంత పట్టాలో టైరు ప్రక్కనే అచ్చువేసి ఉంటుంది. గాలి తక్కువైతే గుంటలో పడినప్పుడు ట్యూబు రాయికీ ఇనుప అంచుకూ మధ్య నలిగి చిల్లిపడుతుంది. ఈ గాలి టైరుకు 1888లో పేటెంటు పొందిన జాన్ బాయిడ్ డన్‌లప్ బెల్‌ఫాస్టులో పశువైద్యుడు. కొడుకు మూడుచక్రాల బండి కుదుపు లేకుండా నడవాలని ఆ పనికి పూనుకున్నాడు. ఆ తండ్రికి ఉన్న శ్రద్ధలో వీసమెత్తు నాకుంటే మా అమ్మాయి పడేది కాదు.

మూడోది చెయిను. మా సముద్రపుగాలికి ఇది ఇట్టే తుప్పు పడుతుంది. పాతగుడ్డతో తుడిచి, పెడలు వెనక్కి త్రిప్పుతూ లంకె లంకెకూ ఒక్కో చుక్క సైకిలు నూనె వేసి, పైకి కారినది మళ్ళీ తుడిచెయ్యాలి. మిగిలిన నూనెకు దుమ్ము పట్టి చెయినును అరగదీస్తుంది. వంటింటి నూనె పనికిరాదు, కొన్నాళ్ళకు జిగురెక్కుతుంది.

పంచరు వేయడం కూడా నేర్చుకున్నాం. ట్యూబులో గాలికొట్టి బకెట్టు నీళ్ళలో ముంచితే బుడగలు వచ్చినచోట చిల్లి. తడి ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను వ్రాసి, అది ఆరేదాకా ఓపికపట్టి అతుకు నొక్కాలి. అన్నిటికంటె ముఖ్యం, టైరు లోపల జాగ్రత్తగా తడిమి గుచ్చుకున్న ముల్లు తీసెయ్యడం. ముల్లుంచి అతుకు వేస్తే సాయంత్రానికి మళ్ళీ మొదటికే వస్తుంది.

చక్రం వంకర తీయడం, ఇరుసులో గోళీలు మార్చడం మాత్రం పెద్దాయనకే వదిలాం.

ఈ పత్రిక ఇంటికి రాగానే మీరు ముందు సీరియలు పేజీ తీస్తారని నాకు తెలుసు. మా ఇంట్లోనూ అంతే. ఈసారికి ముందు వరండాలోకి వెళ్ళి ఆ రెండు బ్రేకులూ నొక్కి చూసి రండి. సీరియలు ఎక్కడికీ పోదు.